తీరము దాటిన తుపాను

బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదను వార్తను తెలుగుదేశము రెండు విధములుగా వినుచున్నది. మచిలీపట్టణమునందో, నాగాయలంకయందో, నర్సాపురమునందో ఆ వార్త విన్నవాడు ముందు ఆకాశమువంకను, పిమ్మట తన బిడ్డలవంకను చూచును. వలలను చుట్టిపెట్టును, పడవను ఒడ్డుమీదికి లాగి కట్టును. రంగారెడ్డి జిల్లా యాచారమున ఆ వార్తయే విన్న రైతు మబ్బువంక చూచి, ఈ తడవయైనను కుంట నిండునేమోయని ఆశపడును. సముద్రమునకు రెండువందల కిలోమీటరులకు పైబడిన దూరమున, బోరుబావిని నమ్ముకొని అప్పులపాలైన మెట్టసీమవాని ఆశను మేము తప్పుపట్టజాలము. కాని ఆ ఆశ వెనుక ఒక అజాగ్రత్త దాగియున్నది. దానిని గూర్చియే నేడు మా పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

తుపాను సముద్రముమీద నున్నంత సేపు పత్రికలన్నియు దాని గమనమును గంటగంటకు ప్రకటించును. "తుపాను తీరము దాటినది" అను వార్త రాగానే ఎల్లరును నిట్టూర్చి, గండము గడచినదని తలంతురు. తీరమువారి విషయమున ఈ తలంపు కొంతవఱకు నిజమే. లోనాటివారి విషయమున ఇది పూర్తిగా తప్పు. తుపాను తీరము దాటిన గడియనుండియే మన గండము మొదలగుచున్నది. నూరేండ్లకు మించిన చరిత్ర ఈ సంగతిని మనకు మరల మరల చెప్పినది. మనము విని యుండలేదు.

తుపాను స్వభావము నెరుగనిదే ఈ మాట బోధపడదు. దానికి ఆంగ్లమున "సైక్లోను" అను పేరు పెట్టినవాడు కలకత్తాయందుండిన హెన్రీ పిడింగ్టను. పాముచుట్టను స్ఫురింపజేయు గ్రీకు శబ్దమునుండి అతడు 1848 లో ఈ పేరును కల్పించెను. పేరు పుట్టకమునుపే మన కోరంగి ఆ పాము కాటును 1789 లోను, 1839 లోను చవిచూచియుండెను. గోదావరి ముఖద్వారమున ఓడలతో కళకళలాడిన ఆ రేవు ఆ దెబ్బలనుండి మరల తేరుకొనలేదు.

సముద్రజలము 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కినపుడు దానినుండి లేచు ఆవిరియే తుపానునకు ఆహారము. ఆ ఆవిరి పైకెగసి మేఘమై చల్లబడునపుడు వెలువడు వేడిమి మరింత గాలిని పైకి లాగును. క్రింద పీడనము తగ్గును. చుట్టుపట్ల గాలి ఆ లోటును పూరింప పరుగిడును. భూమి తిరుగుచుండుటవలన ఆ గాలి తిన్నగా పోలేక సుడి తిరుగును. మన అర్ధగోళమున ఆ సుడి గడియారపు ముల్లునకు ఎదురుదిశగా తిరుగును గావున, తూర్పునుండి మనమీదికి వచ్చు తుపానునకు ఉత్తరపు ప్రక్కను గాలి సముద్రమునుండి నేలవైపునకు వీచును. ఆ ప్రక్కనే నీరు గోడవలె లేచి ఒడ్డుపైకి త్రోయబడును. దీనినే మనవారు ఉప్పెన యనిరి. ఒడ్డున సముద్రము లోతు తక్కువయై, నేల పల్లమైన కృష్ణాగోదావరీ లంకలవంటి తావుల ఉప్పెన మరింత యెత్తున లేచును. నేలమీదికి వచ్చినంతనే తుపానునకు ఆహారము తెగిపోవును. గాలి నీరసించును. కాని అది మోసికొనివచ్చిన నీరు ఎచ్చటనో యొకచోట కురియవలసినదే. గాలియు ఉప్పెనయు తీరమువారి పాలు. వాన ఉభయుల పాలు.

తీరమువారు చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు. 1864 నవంబరు 1 వ తేదీ రాత్రి మచిలీపట్టణముపై విరుచుకొనిపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మడిసిరి. అంతకు నెలదినములు పూర్వము, అక్టోబరు 5 వ తేదీన, కలకత్తాను మరియొక తుపాను పాడుచేసియుండెను. ఆ కలకత్తా తుపానును, దాని వెనువెంట వచ్చిన కరవులును పరాయి ప్రభుత్వమునకు సైతము కనువిప్పు కలిగింపగా, 1875 లో భారత వాతావరణశాఖ స్థాపితమాయెను. శాస్త్రము వచ్చినది గాని, ఆ శాస్త్రము పూరిపాకవఱకు పోవుటకు మరి నూరేండ్లు చాలలేదు.

1977 నవంబరు 19 శనివారము. ఆ సాయంకాలము దివిసీమపై లేచిన ఉప్పెన ఎత్తు అయిదు మీటరులకు తక్కువ కాదు. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి మొదలగు గ్రామములను ముంచి, ఆ నీరు నేలమీద పది కిలోమీటరులకు పైగా చొచ్చుకొనిపోయెను. ప్రభుత్వపు లెక్కకే మృతులు సుమారు 10,000 మంది. చచ్చిన పశువులకు లెక్కయే లేదు. కోతకు వచ్చిన వరిచేలు ఉప్పునీట కుళ్లెను. వారాలకొలది శవదహనములు సాగెను. ఆనాడు హెచ్చరిక లేకపోలేదు. కాని అది చేరవలసినవారికి చేరలేదు. చేరినవారికి పోదమన్నను చోటు లేదు. మట్టిగోడలపై తాటాకు కప్పుకొన్న బీదలకు గట్టి మేడ యొక్కటియు అందుబాటున లేకపోయెను. దివిసీమ మృతులలో అత్యధికులు జాలరులు, కూలీలు, వారి స్త్రీలు, పిల్లలు. గాలి వీరిని ఏరి చంపలేదు; వీరి ఇండ్ల బలహీనతయే చంపినది.

ఆ కన్నీటినుండి మన ప్రభుత్వములు పాఠము నేర్చినవని యొప్పుకొనుట న్యాయము. తీరమున తుపాను ఆశ్రయభవనములు వెలసెను. రాడారులు వచ్చెను. 1990 మే 9 వ తేదీన కృష్ణ ముఖద్వారమువద్దనే దాదాపు అంతే ప్రచండమైన తుపాను తీరమును తాకినను, లక్షలాది జనమును ముందుగా తరలించుటచే మృతుల సంఖ్య వేయి లోపున నిలిచినది. 1996 నవంబరు 6 వ తేదీన కోనసీమను కూల్చిన తుపాను మరల వేయిమందికి చేరువగా పొట్టన పెట్టుకొని, నేర్చిన పాఠమునైనను ఏటేట వల్లెవేయవలెనని హెచ్చరించినది. ఆనాడు లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలకొరిగెను. సముద్రముమీదికి పోయిన జాలరులు పెక్కురు తిరిగి రాలేదు. 2014 అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటరుల వేగముతో విశాఖపట్టణమును ఊడ్చివైచినను ప్రాణనష్టము నూరు లోపుననే యుండినది. మన పొరుగున ఒడిశాలో 1999 అక్టోబరు తుపాను సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకొనగా, 2013 లో ఫైలిన్ వచ్చినపుడు సుమారు పదిలక్షల మందిని తరలించి, చావులను పదులలోనికి దించగలిగిరి. సముద్రము మారలేదు. గాలి తగ్గలేదు. జనమును ముందుగా కదలించు ఏర్పాటు మాత్రము మారినది. ఈ కీర్తి వాతావరణశాఖవారికిని, తీరమునందలి చిన్న ఉద్యోగులకును, గ్రామస్థులకును చెందవలెను.

ఇంతవఱకు తీరమువారి కథ. ఇక మన కథ.

1908 సెప్టెంబరు చివర బంగాళాఖాతమునుండి బయలుదేరిన వాయుగుండమొకటి లోనాడు చొచ్చి హైదరాబాదు పరిసరములకు వచ్చినది. నేటి రంగారెడ్డి జిల్లాలోని శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళముల వర్షము కురిసెను. సెప్టెంబరు 28 వ తేదీన మూసీనది నగరమును ముంచెను. సుమారు 15,000 మంది చనిపోయిరి. అఫ్జల్‌గంజ్‌లోని చింతచెట్టునెక్కి నూటయేబదిమంది వఱకు బ్రదికిరన్న మాట నేటికిని ఆ నగరము చెప్పుకొనుచున్నది. తరువాత విచారణకై నిజాము ప్రభుత్వమువారు రప్పించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు తేల్చిన సంగతి మనకు ముఖ్యము. మూసీ పరీవాహప్రదేశమున 788 చెరువులుండగా, వానిలో 221 తెగిపోయెను. అనగా నగరముపై పడినది ఆకాశమునుండి కురిసిన నీరు మాత్రమే కాదు. తెగిన చెరువుల నీరంతయు ఒక్కుమ్మడిగా దానితో చేరినది. ఆ విచారణ ఫలముగానే 1920 లో గండిపేట జలాశయమును, 1927 లో హిమాయత్‌సాగరమును పూర్తియైనవి. నగరమునకు రక్షణ యేర్పడినది. గ్రామముల చెరువుకట్టలు మాత్రము ఎప్పటివలెనే గ్రామముల పాలబడినవి.

ఇది పాతకథ యందురా? 2020 అక్టోబరు 13 వ తేదీ యుదయమున కాకినాడవద్ద తీరము దాటినది తుపాను కూడ కాదు; తీవ్రవాయుగుండము మాత్రమే. గాలి గంటకు 62 కిలోమీటరులను చేరినగాని దానికి పేరు పెట్టు ఆచారము లేదు. కావున దానికి పేరైనను లేదు. ఆ పేరులేని వాయుగుండము ఆనాడే హైదరాబాదును చేరి, నగరమున 24 గంటలలో 19 సెంటీమీటరులు, ఘటకేసరుప్రాంతమున 32 సెంటీమీటరుల వాన కురిపించినది. అదే వారమున బాలాపూరువద్ద గుఱ్ఱము చెరువు కట్ట తెగి, దిగువనున్న పేదల బస్తీలు మునిగెను. 2021 సెప్టెంబరు 26 వ తేదీన కళింగపట్టణమువద్ద తీరము దాటిన గులాబ్ తుపాను తెలంగాణమును, మహారాష్ట్రమును తడిపి, అరేబియా సముద్రమును చేరి, షాహీన్ అను కొత్తపేరుతో మరల తుపానై ఒమాను దేశమును తాకినది. 2025 అక్టోబరు 28 వ తేదీ రాత్రి నర్సాపురప్రాంతమున తీరము దాటిన మొంథా తుపాను మరునాడు వరంగల్లు, హనుమకొండ పట్టణములను జలమయము చేసినది. తీరము దాటుటతో తుపాను ముగియునను భ్రమకు ఇంతకు మించిన సమాధానమేమి కావలెను? గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా ఆవిరిని మోయగలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. సముద్రమును, గాలియును ఏటేట వేడెక్కుచున్న ఈ కాలమున లోనాటికి వచ్చు వాన తగ్గునని యెదురుచూచుట అవివేకము.

చెరువులు తెగు విధమును మా పాఠకులలో వ్యవసాయదారులెరుగుదురు. మన పూర్వులు చెరువులను ఒంటరిగా కట్టలేదు. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును చేరునట్లు వానిని గొలుసుగా కూర్చిరి. కాకతీయుల రామప్ప, పాకాలనుండి కుతుబ్‌షాహీలనాటి ఇబ్రహీంపట్నము పెద్దచెరువువఱకు ఈ దేశమున సాగిన నీటివిద్య ఇదియే. ఈ గొలుసునందు గొప్ప బలమును, గొప్ప ప్రమాదమును కలవు. మత్తడి సరిగా దూకినంతకాలము ఒక చెరువు వరద మరియొక చెరువునకు పంట. మత్తడి మూసికొనిపోయినచో నీరు కట్టమీదుగా పొరలును. కట్టమీద పొరలిన నీరు మట్టిని కోయును. ఒక కట్ట తెగినచో దాని నీరంతయు ఒక్కసారిగా దిగువ కట్టపై పడును. అది తట్టుకొనలేదు. 1908 లో 221 చెరువులు వేరువేరుగా తెగినవని మేము నమ్మజాలము.

ఇచ్చట మేము మా పాఠకులలో భూవసతిగల పెద్దలతో ఒకింత కటువుగా మాటలాడక తప్పదు. చెరువు శిఖము భూమిని ఎండిన సంవత్సరమున దున్ని, మరుసటి యేట గట్టు వేసి, మూడవ యేట పట్టాకై తిరుగుచున్నవారెవరు? వరద పోవు కాలువను పూడ్చి పొలమున కలుపుకొన్నవారెవరు? తన చేను మునుగుచున్నదని మత్తడి రాళ్లను రాత్రివేళ దించినవారెవరు? చేపలకొరకో, మరికొంత నీటికొరకో మత్తడికి అడ్డుకట్ట వేసినవారెవరు? వీరు కూలివాండ్రు కారు. నగరమున ప్లాట్లు చేసి అమ్ము వ్యాపారిని నిందించుట సులభము, అతడు నిందార్హుడే. కాని అతనికి ఆ భూమిని అమ్మినవారు మనలోనివారే. పెక్కేండ్లు నిండని చెరువును చూచి, ఇది యిక చెరువు కాదని మనమే తీర్పు చెప్పితిమి. నీరు తన దారి మరచునని తలచితిమి. 2020 అక్టోబరులో నీరు తన పాతదారిని వెదకికొని వచ్చినది.

యాచారమునకు ఈ విషయము నేడు మరింత అత్యవసరము. నగరము సాగరు రోడ్డు వెంబడి పాకుచు ఇబ్రహీంపట్నమును దాటి వచ్చుచున్నది. ఔషధనగరమునకై యాచారము, కందుకూరు మండలములలో వేలకొలది ఎకరములను లోగడ సేకరించిరి. ఈ ప్రాంతముననే కొత్త నగరమును నిర్మింతుమని ప్రభుత్వము ప్రకటించినది. నగరము వచ్చుటను మేము వలదనము. కాని రోడ్డు గీత గీయుటకు పూర్వము చెరువు గీత గీయవలెను. ఏ కుంట నీరు ఏ వాగున పడునో, ఆ వాగు ఏ చెరువును చేరునో గ్రామమున నీరటికాడు తన తండ్రినుండి నేర్చియుండెను. ఆ విద్య నకలు పటములలోనికి ఎక్కకమునుపే పునాదులు త్రవ్వినచో, మూసీతీరమున మన పెద్దలు చేసిన తప్పును మనము తెలిసి చేసినవారమగుదుము.

అమెరికావంటి సంపన్నదేశమునకు సైతము ఈ తప్పునకు శిక్ష తప్పలేదు. 2005 ఆగస్టు 29 వ తేదీన కత్రినా తుపాను న్యూఆర్లియన్సు నగరము ప్రక్కగా పోయినది. గాలి తగ్గినంతనే, పెద్ద గండము తప్పినదని పలువురు తలచిరి. కాని నగరమును కాచుచుండిన కట్టలు తెగి, నూటికి ఎనుబదిపాళ్లు నగరము నీట మునిగినది. వేయిమందికి పైగా చనిపోయిరి. వారిని చంపినది తుపాను యనుటకన్న, నిర్లక్ష్యమున కట్టిన కట్టలనుట సత్యమునకు దగ్గర. ఆ దేశపు ఇంజనీరులే పిమ్మట ఆ లోపమును ఒప్పుకొనిరి.

మరి కర్తవ్యమేమి? వాతావరణశాఖవారు తుపానును గూర్చి నాలుగు దశలుగా తెలియజేయుదురు. మొదటిది 72 గంటలకు ముందు, రెండవది 48 గంటలకు ముందు, మూడవది 24 గంటలకు ముందు. ఈ మూడును తీరమువారివి. నాలుగవది తుపాను తీరము దాటుటకు 12 గంటలకు ముందు వెలువడును. తీరము దాటిన పిమ్మట తుపాను ఏ వైపునకు పోవునో, లోనాటి జిల్లాలలో ఏమి జరుగునో అది చెప్పును. ఈ నాలుగవ హెచ్చరిక మనది. మన పేర వ్రాసిన ఉత్తరమును మనము విప్పి చదువుట లేదు. తీరమున మూడవ హెచ్చరికకు గ్రామము గ్రామమే కదలుచున్నది. లోనాట నాలుగవ హెచ్చరికకు కదలవలసిన వాడెవడో నేటికిని నిర్ణయము కాలేదు.

ఆ నిర్ణయము గ్రామపంచాయతీయే చేయవలెనని మా మనవి. ఆశ్వయుజమునకు ముందే కట్టపై మొలచిన తుమ్మలను కొట్టించి, ఎలుకబొరియలను పూడ్పించి, మత్తడిని, తూమును శుభ్రము చేయింపవలెను. 2015 లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద 46,000 కు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించి, పెక్కింటి పూడిక తీయించిరి. అది మెచ్చదగిన పని. కాని ఒకసారి పూడిక తీయించినంత మాత్రమున చెరువు చిరంజీవి కాదు. చెరువునకు ఏటేట సేవ కావలెను. శిఖము హద్దులకు రాళ్లు నాటించి, ఆ రాళ్లను పెరికినవాడు ఎంతటి పెద్దయైనను ఉపేక్షింపరాదు. నాలుగవ హెచ్చరిక రాగానే ఊర చాటింపు వేయించి, రాత్రింబవళ్లు కట్టపై మనుషులనుంచి, ఇసుకబస్తాలు సిద్ధపరచి, ఎగువ చెరువు సంగతి దిగువ గ్రామమునకు ఫోనున తెలుపు ఏర్పాటు చేయవలెను. కట్టక్రింద పల్లమున నుండు పేదలను ముందుగా బడిలోనికో, పంచాయతీ భవనములోనికో తరలింపవలెను. మత్తడి దూకుచున్న దారిని, పొంగు వాగును బండిపై దాటబోయి ఏటేట ఎందరో ప్రాణములు కోల్పోవుచున్నారు. అట్టి దారికి అడ్డముగా ఒక త్రాడు కట్టి, ఇద్దరు మనుషులను నిలుపుటకు ఏ ఖజానా కావలెను? పగిలిన పత్తిని, కోసిన వరిని కాపాడుకొనుటకు 12 గంటలు తక్కువయే. అయినను ఏమియు చేయకుండుటకు అది సాకు కాజాలదు.

"వాన కొరకు మొగము వాచినవారికి వరద భయము చెప్పుచున్నారే" యని కొందరు మమ్ము పరిహసింపవచ్చును. మత్తడి బాగుగా నున్న చెరువే వానను నిలుపుకొనును. తెగిన చెరువు వరదను ఊరిపై వదలి, మరుసటి వేసవికి చుక్కనీరు మిగుల్చదు. కరవునకును వరదకును మందు ఒక్కటియే. ఆ మందు మన కట్టక్రిందనే యున్నది. కావున మెట్టరైతు ఆశకు మేము శత్రువులము కాము. ఆ ఆశ ఒక్క రాత్రిలో గండి పడి పోరాదని కోరువారము.

2014 జూను 2 వ తేదీనుండి తెలుగువారికి రెండు రాష్ట్రములు. తీరము ఒక రాష్ట్రమునను, ఈ మెట్టసీమ వేరొక రాష్ట్రమునను నున్నవి. తుపానునకు ఈ యెల్ల తెలియదు. కాకినాడ యొడ్డున అడుగిడి, అదే దినమున మన చెరువులను వచ్చి చేరుచున్నది. కావున తీరమున జాలరి బిడ్డను ఎత్తుకొని ఆశ్రయభవనమునకు నడచు రాత్రియే మన కట్టమీదను దీపము వెలుగవలెను. మరల కార్తికము వచ్చును. మరల వాయుగుండము పుట్టును. అది తీరము దాటినదను వార్త చెవిని పడినపుడు, యాచారమున ఒక పెద్దమనుష్యుడైనను లాంతరు పట్టుకొని మత్తడివంక నడచిన చాలును. తక్కినవారు ఆతని వెంట నడతురు.